ఆవిణ్ణి అడిగారా?

నా నవలల్లో కథానాయిక గుండె ఇప్పటికి కనీసం నలభైసార్లు లయ తప్పి ఉంటుంది. హీరో వీధి మెట్లెక్కుతుంటే ఒకసారి, ఉత్తరం విప్పుతుంటే ఒకసారి, పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు అందిస్తుంటే మరోసారి! బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. గుండె గురించి నాకు తెలిసిందల్లా అది ఝల్లుమంటుందనీ, బరువెక్కుతుందనీ, ఉన్నట్టుండి కరిగిపోతుందనీ. లయ తప్పడం నిజంగానే ఒక జబ్బనీ, దానికి ఆస్పత్రిలో ఒక పేరుందనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎంత ఆలస్యంగానో తరవాత చెబుతాను. ముందు ద్వారకా తిరుమలలో జరిగిన సంగతి వినండి.

అక్కడ మా పెద్దత్తయ్య ఉంటుంది. మా నాన్నగారికి అక్కయ్య. డెబ్భై ఆరేళ్ళు. మావయ్యగారు పోయాక పిల్లలు ఎంత రమ్మన్నా వెళ్ళకుండా, కొండ కింద ఆ పాత పెంకుటింట్లోనే ఉండిపోయింది. "పొద్దున్న లేవగానే గోపురం కనపడకపోతే నాకు కాఫీ సహించదే" అంటుంది. పెద్దబావ హైదరాబాదులో, చిన్నబావ అమెరికాలో డాలస్‌లో, వదిన తాడేపల్లిగూడెంలో. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు గూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయి, ద్వారకా తిరుమల ఏలూరు జిల్లాలోకొచ్చింది. "కూతురిదో జిల్లా, నాదో జిల్లా చేశారే!" అని నవ్విన మనిషి.

అలాంటావిడకి రెండేళ్ళ కిందట శ్రావణమాసంలో గుండె దడ మొదలైంది. "గుండెల్లో పిట్ట ఇరుక్కుని కొట్టుకుంటున్నట్టుంది" అనేది. బావిదాకా వెళ్ళొస్తే ఆయాసం. గూడెంలో ఇ.సి.జి. తీయించారు. తరవాత హైదరాబాదులో గుండె లయలు ప్రత్యేకంగా చూసే డాక్టరుగారికి చూపించారు. 'ఏట్రియల్ ఫిబ్రిలేషన్' అన్నారాయన. మందులతో చూడొచ్చు, లేదంటే కాథెటర్ పంపి సరిచేసే పద్ధతి ఉంది, ఇంట్లో అందరూ మాట్లాడుకుని రండి అన్నారు.

ఆ మాట్లాడుకోవడానికే ముక్కనుమ నాడు అందరం అత్తయ్య ఇంట్లో చేరాం. చిన్నబావ ఫోన్లో వీడియోలో కూర్చున్నాడు. "ఈ వయసులో అమ్మ గుండెల్లోకి తీగలు పంపడమేమిట్రా? జరగరానిదేదైనా జరిగితే?" అన్నాడు పెద్దబావ. "ఇక్కడ ఎనభయ్యేళ్ళవాళ్ళకి చేస్తున్నారన్నయ్యా. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. వెంటనే చేయించెయ్యండి" అన్నాడు చిన్నబావ. వదిన కళ్ళు తుడుచుకుంది. "స్టెంటు వేయించేస్తే పోయె కదండీ!" అంది పక్కింటావిడ. అబ్దుల్ కలాంగారు, మన డాక్టర్ సోమరాజుగారు కలిసి తొంభైల్లోనే తక్కువ ఖరీదు స్టెంటు తయారుచేశారు కదా. మనవాళ్ళకి గుండె అనగానే ఇప్పుడు ఆ మాటే నోటికొస్తుంది. స్టెంటు పూడిన రక్తనాళానికి. అత్తయ్యది గొట్టాల గొడవ కాదు, గుండెలో కరెంటు గొడవ.

నేను మాత్రం ఊరుకున్నానా? చిన్నబావ పక్షం చేరి గట్టిగా వాదించాను. మొత్తం రెండు గంటలు. ఆ రెండు గంటలూ పెద్దత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని మునగాకు దూస్తూనే ఉంది.

నేనంతగా ఎందుకు వాదించానో ఇప్పుడు చెప్పాలి. మా అమ్మకీ ఇలాగే దడ వచ్చేది. "ఏమిటోనే, ఉండుండి గుండె గబగబా కొట్టుకుంటుంది, మళ్ళీ ఆగినట్టవుతుంది" అనేది. "ఈ వయసులో మామూలేనమ్మా, కాస్త మజ్జిగ తాగి పడుకో" అన్నది నేనే. అప్పుడు నా సీరియల్ ఒకటి నడుస్తోంది. వారం వారం భాగం పంపాలి. ముందుగదిలో కూర్చుని నేను కథానాయిక గుండె లయ తప్పిందని రాస్తుంటే, వెనకగదిలో మా అమ్మ గుండె నిజంగా లయ తప్పుతోంది. ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. ఆస్పత్రిలో ఇ.సి.జి. చూసిన డాక్టరుగారు "ఈ దడ ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగారు. ఏం చెప్పను? ఆ తరవాత అమ్మ రెండేళ్ళు బతికింది. నీకేం కావాలమ్మా అని రోజుకి పదిసార్లు అడిగేదాన్ని. చెప్పడానికి ఆవిడకి మాట లేదు.

దడకీ పక్షవాతానికీ సంబంధమేమిటంటారేమో. నాకు అర్థమైనట్టు చెబుతాను. పూర్వం ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రెండు రోకళ్ళతో దంచేవారు చూడండి. ఒకరిది లేస్తుంటే ఒకరిది పడాలి. గుండెలో పైగదులు, కిందిగదులు కూడా అలాగే వంతులు తప్పకుండా ముడుచుకుంటాయి. వాటికి తాళం వేసే చిన్న కణుపు ఒకటి గుండె కుడిపక్క పైన ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 దెబ్బలు. ఈ జబ్బులో పైగదులు ఆ తాళం వినడం మానేసి నిమిషానికి మూడు నాలుగు వందలసార్లకి పైగా వణుకుతాయి. వణకడమే గాని ముడుచుకోవడం ఉండదు. దాంతో ఎడమ పైగదికున్న చిన్న సంచిలాంటి మూలలో రక్తం నిలవపడి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకి చేరితే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్ళకి ఆ ప్రమాదం సుమారు అయిదు రెట్లు ఎక్కువట. అందుకే రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర, ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి, అన్నిటికంటే ముందు రాస్తారు. మా అమ్మకి ఆ మాత్ర పడి ఉంటే... వద్దులెండి.

ముక్కనుమ నాటి వాదన ఎటూ తేలలేదు. మాఘమాసంలో అత్తయ్యని తీసుకుని వదినా, పెద్దబావా, నేనూ మళ్ళీ హైదరాబాదు వెళ్ళాం. డాక్టరుగారు అత్తయ్య వైపు తిరిగి "ఏమనుకున్నారమ్మా?" అన్నారు. నేను వెంటనే అందుకున్నాను. "ఆవిడకేం తెలుస్తుందండీ, మేం చెబుతాం" అని.

ఆయన నావైపు చూశారు. "ఆవిణ్ణి అడిగారా?" అన్నారు.

నేను బావ వైపు చూశాను. బావ వదిన వైపు చూశాడు. రెండు నెలలుగా మేం అత్తయ్య గుండె గురించి ఎవరెవర్ని అడగలేదు! గూడెం డాక్టర్ని అడిగాం, డాలస్‌లో చిన్నబావ స్నేహితుణ్ణి అడిగాం, రైల్లో ఎదురుసీట్లో కూర్చున్నాయన్ని కూడా అడిగాం. ఒక్క అత్తయ్యని తప్ప.

పోనీ ఇప్పుడైనా అడిగాం కదా అనుకుంటే, ఆవిడ ఏమంది? "మీ ఇష్టం నాయనా" అంది.

ఈ 'మీ ఇష్టం' అన్న మాట మన ఇళ్ళల్లో ఎంత పాతదో! పెళ్ళికి ముందు నాన్నతో, తరవాత భర్తతో, ఆ తరవాత కొడుకుతో. జీవితమంతా తన ఇష్టం ఎవరూ అడగని మనిషిని డెబ్భై ఆరో ఏట అకస్మాత్తుగా అడిగితే ఇంకేమంటుంది? మనం దాన్ని జవాబనుకుని హాయిగా మన ఇష్టప్రకారం చేసేస్తాం. పైగా "అమ్మనడిగే చేశాం" అని చెప్పుకుంటాం. అది జవాబు కాదు, అడగడం చేతకాని మనకి ఆవిడ చూపించిన దారి.

డాక్టరుగారు అక్కడితో వదల్లేదు. "అది కాదమ్మా. ఈ దడ వచ్చాక మీరు ఏ పని చెయ్యలేకపోతున్నారు?" అన్నారు. అత్తయ్య కాసేపు ఆలోచించింది. "పాదుకా మండపం దగ్గర్నుంచి మెట్లెక్కి స్వామిని చూసేదాన్ని. ఇప్పుడు కారులో తీసుకెళ్ళి దింపుతున్నారు. అది నాకు వెళ్ళినట్టు లేదు" అంది. నాకు సిగ్గేసింది. ఏడాదికి మూడుసార్లు ఆ ఇంటికి వెళ్ళేదాన్ని, ఆ సంగతి నాకు తెలియదు.

ఇక అత్తయ్యకి ధైర్యం వచ్చింది. "ఎంతవుతుంది?" అంది మొదట. "ఆ సంగతి నీకెందుకమ్మా" అన్నాడు పెద్దబావ. "నా గుండెకయ్యే ఖర్చు నాకు తెలియకూడదా?" అంది. డాక్టరుగారు చెప్పారు. లక్షల్లోనే ఉంది. "చేయించుకుంటే ఈ రక్తం పలచబడే మాత్ర మానెయ్యొచ్చా?" మానకూడదన్నారు. లయ కుదిరినా ఈ వయసులో పక్షవాతం భయం పోదు కనక ఆ మాత్ర ఉండాల్సిందే. "పోనీ ఎక్కువేళ్ళు బతుకుతానా?" ఆ మాట ఇవ్వలేనన్నారు. "మరి దేనికండీ?" అంది అత్తయ్య.

దానికి ఆయన ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది. కబానా అని ఒక పెద్ద పరిశీలన ఉందట. పది దేశాల్లో 2204 మందిని తీసుకుని, సగం మందికి కాథెటర్ చికిత్స, సగం మందికి మందులు ఇచ్చి నాలుగేళ్ళపాటు చూశారు. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. చావు, మంచాన పడేసే పక్షవాతం, పెద్ద రక్తస్రావం, గుండె ఆగిపోవడం — ఇవన్నీ కలిపి లెక్కిస్తే కాథెటర్ వాళ్ళలో నూటికి 8, మందుల వాళ్ళలో నూటికి 9 పైచిలుకు. ఆ కాస్త తేడా చూసి ఇది గొప్ప, అది తక్కువ అనడానికి వీల్లేదన్నారు. అందులోనూ డెబ్భై అయిదు దాటినవాళ్ళకి ఆయుష్షు విషయంలో లాభం కనపడలేదు. కాని దడ, ఆయాసం తగ్గి రోజువారీ బతుకు తేలికపడడంలో కాథెటర్ వాళ్ళే మెరుగ్గా ఉన్నారు. "ఇది ఏళ్ళు పెంచడానికి కాదమ్మా, ఉన్న ఏళ్ళల్లో మెట్లెక్కడానికి" అన్నారు. అన్నట్టు, ఆ 2204 మందిలో ఆడవాళ్ళు నూటికి 37 మందే. ఆయాసాన్ని నీరసమనీ, నీరసాన్ని వయసనీ సరిపెట్టుకునే వాళ్ళం మనమేగా!

చేసే పద్ధతీ చెప్పారు. తొడ మొదట్లో సిరలోంచి సన్నటి గొట్టం పంపి, గుండె కుడిపక్కకి చేర్చి, మధ్యగోడకి చిన్న రంధ్రం చేసి ఎడమపక్కకి వెళతారు. ఊపిరితిత్తుల నుంచి గుండెకి రక్తం తెచ్చే నాలుగు సిరల మొదళ్ళలోనే ఈ అల్లరి సాధారణంగా పుడుతుందని 1998లో ఫ్రాన్సులో బోర్డో నగరపు డాక్టర్లు కనిపెట్టారట. ఆ మొదళ్ళ చుట్టూ వేడితోనో చలితోనో మచ్చ వేస్తారు. ఇప్పుడు విద్యుత్తు దెబ్బలతో వేసే కొత్త పద్ధతీ వచ్చింది. మచ్చ మీదుగా కరెంటు పారదు. అల్లరి అక్కడే ఆగిపోతుంది. ప్రమాదాలూ దాచలేదు. వందలో ఒకరికి అటూ ఇటూగా గుండె చుట్టూ రక్తం చేరొచ్చు, అరుదుగా ఆ సమయంలోనే పక్షవాతం రావచ్చు. లయ కుదిరినా మళ్ళీ తప్పొచ్చు, మళ్ళీ చెయ్యాల్సి రావచ్చు.

ఇంటికొచ్చాక ఈ గొట్టం కథ ఎక్కడ మొదలైందా అని చదివాను. 1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డె అనే ఊళ్ళో వెర్నర్ ఫోర్స్‌మన్ అని పాతికేళ్ళ డాక్టరు. మనిషి గుండెలోకి గొట్టం పంపొచ్చని ఆయన నమ్మకం. పెద్ద డాక్టరు వద్దన్నారు. పరికరాల తాళంచెవులు గెర్డా డిట్సెన్ అనే నర్సు దగ్గరున్నాయి. ఆవిడ "నామీద చెయ్యండి" అని ఒప్పుకుంది. ఆయన ఆవిణ్ణి బల్లకి కట్టేసి, ఆవిడకి చేస్తున్నట్టు నటించి, గొట్టాన్ని తన చేతి సిరలోంచి తనలోకే పంపుకున్నాడు! ఆ తరవాత ఆ గొట్టంతోనే నడిచి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1956లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అందరూ ఆయన సాహసం చెబుతారు. నాకు మాత్రం బల్లమీద కట్టేసి ఉన్న ఆ నర్సే కళ్ళలో మెదిలింది. ఆవిడ మేలు కోరే ఆయన అలా చేశాడు. కాని ఆవిణ్ణి అడిగి, ఆవిడ చెప్పింది విని, తన ఇష్టం తాను చేశాడు. మన కొడుకులూ కూతుళ్ళూ మేలు కోరి చేసేవన్నీ ఇలాగే ఉంటాయేమో!

అత్తయ్య తన నిర్ణయం తనే చెప్పింది. "వైశాఖం కల్యాణం దాకా మాత్రలు వేసుకుంటాను. మెట్లెక్కగలిగితే సరే. లేకపోతే మీ గొట్టం చూద్దాం" అంది. తిరుగు ప్రయాణంలో భీమడోలు దాటాక కొండ కనపడగానే దండం పెట్టుకుని నన్నడిగింది. "మా స్వామికి అభిషేకం ఎందుకు చెయ్యరో తెలుసా?"

తెలుసు. చిన్నప్పట్నించీ విన్నదే. స్వయంభువు స్వామి పుట్టలో వెలిశాడు. పైభాగమే మనకి కనిపిస్తుంది. మీద నీటిచుక్క పడితే కింద పుట్టలో ఉన్న చీమలకి ఇబ్బంది. అందుకని అభిషేకం లేదు. "పాలు పొయ్యాలని భక్తులకి ఉండదా? ఉంటుంది. అయినా చెయ్యగలిగిందల్లా చెయ్యడం సేవ కాదే. మరి పాదాలకి పూజ ఎలా? పుట్ట తవ్వారా? వెనకాలే నిలువెత్తు స్వామిని ప్రతిష్ఠ చేసుకున్నారు" అంది. ఒకే విమానం కింద ఇద్దరు స్వాములు ఎందుకున్నారో అప్పటిదాకా నేను అలా ఆలోచించలేదు. వద్దన్నది వద్దనే ఉంది. కావలసింది వేరే దారిలో దొరికింది. నవలలు రాసేదాన్ని నేనే గాని, మా ఇంట్లో ఆలోచించేది అత్తయ్య.

అదే వీధిలో ఒక రిటైర్డు మాస్టారున్నారు. కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి కొండ కింద ఇల్లు కట్టుకున్నారు. ఎనభై ఒకటి. కంటిశుక్లం ఆపరేషనుకి ముందు తీసిన ఇ.సి.జి.లో ఆయనకీ ఇదే జబ్బు బయటపడింది. దడ లేదు, ఆయాసం లేదు, రోజూ రెండు పూటలా నడక. "తెలియని శత్రువుతో నాకు యుద్ధమెందుకమ్మా" అని రక్తం గడ్డకట్టని మాత్ర మాత్రం రెండు పూటలా వేసుకుంటున్నారు. ఆయన డాక్టరూ అదే సరిపోతుందన్నారట. ఒకే వీధి, ఒకే జబ్బు, రెండు రకాల జవాబులు. రెండూ సరైనవే. వాళ్ళ వయసులు చూసి ఆ జవాబులు చెప్పగలమా?

వైశాఖంలో అత్తయ్య మెట్లెక్కబోయింది. పాతిక మెట్లకే కూలబడింది. కిందికి దిగొచ్చి, చెంగుతో మొహం తుడుచుకుని, "ఇక చేయించండర్రా" అంది. ఈసారి 'మీ ఇష్టం' అనలేదు. పెద్దబావ మొహం పాలిపోయింది. అయినా ఒక్క మాట ఎదురాడలేదు. ఆషాఢంలో చేశారు. రెండు రాత్రులు ఆస్పత్రిలో ఉంచారు. మూడో వారంలో మళ్ళీ దడ వచ్చింది. మేం గాభరాపడ్డాం. మచ్చ గట్టిపడేదాకా, మొదటి రెండు మూడు నెలల్లో అలా రావచ్చన్నారు. అదీ తగ్గింది. ఆ స్వామికి ఏడాదికి రెండు కల్యాణాలు కదా, ఆశ్వయుజంలో రెండోదానికి అత్తయ్య మెట్లెక్కింది. నాలుగుచోట్ల కూర్చుంది. నాలుగుసార్లూ నేను చెయ్యి అందించబోతే "అడిగినప్పుడు ఇద్దువుగానిలే" అంది.

రేపు మళ్ళీ దడ రావచ్చు. రాదని ఎవరూ మాటివ్వలేదు. కాథెటర్ మంచిదా, మాత్రలు మంచివా అని ఎవరైనా నన్నడిగితే నాకిప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే. అమ్మ విషయంలో "ఈ వయసులో మామూలే" అన్నాను. అత్తయ్య విషయంలో "వెంటనే చేయించెయ్యాలి" అన్నాను. రెండూ ఒకదానికొకటి వ్యతిరేకమనుకున్నాను. కాదు. రెండుసార్లూ నేను చేసిన తప్పొకటే. అమ్మ దగ్గర నా తీరిక చూసుకున్నాను. అత్తయ్య దగ్గర నా అపరాధం కడుక్కోబోయాను. గుండె మాత్రం వాళ్ళది.

ఇవాళ రాత్రి పనులయ్యాక మీ అత్తగారి దగ్గరో అమ్మ దగ్గరో ఓ ఐదు నిమిషాలు కూర్చోండి. మణికట్టు మీద రెండు వేళ్ళుంచి నాడి చూడండి. రోకటిపోటులా వరసగా ఉంటే సంతోషం. ఎగుడుదిగుడుగా ఉంటే ఒక ఇ.సి.జి. తీయించండి. చెయ్యి ఎలాగూ పట్టుకున్నారు కదా, ఈమధ్య ఏ పని చెయ్యలేకపోతున్నావు అని అడగండి. "నాకేమే, బాగానే ఉన్నాను" అంటారు. నమ్మకండి. ఇంకోసారి అడగండి.